పాట ఎటు పోతోంది

ఐటీలో మాస్టర్స్ చదివే కుర్రాడికి ప్రింటరు బాగుచెయ్యడం రాదంటే మనవాళ్ళు చచ్చినా నమ్మరు. మెల్విన్ మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో చదివేది డేటాబేసుల గురించి. అయినా అక్కడి తెలుగు క్రైస్తవ సహవాసంలో అడుగుపెట్టిన మొదటి ఆదివారమే ఎవరో పెద్దాయన మైకు అందుకుని, “ఈ తమ్ముడు కంప్యూటర్లు చదువుతున్నాడు, ప్రభువు మన అవసరం చూసి పంపాడు” అనేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో అతని శనివారాలు గల్లంతయ్యాయి. ఒకరింట్లో వైఫై రాదు, ఇంకొకరి టీవీలో బొమ్మ కదలదు, మరొకరి ల్యాప్‌టాప్‌లో పెళ్ళి ఫోటోలు కనబడవు. వెళితే కడుపునిండా పెడతారు, డబ్బాలో కూర కట్టిస్తారు, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఇంత చేశాక రానని ఎలా చెప్పడం? కాదనడం నేర్పే సబ్జెక్టు ఆ యూనివర్సిటీలో ఒక్కటీ లేదు.

ఆ శనివారం తెల్లవార్లూ వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు ఎత్తి దించి, గదికి వచ్చి, స్నానం చేసి మంచం మీద కూర్చున్నాడో లేదో ఫోను మోగింది. సువర్ణకుమారి ఆంటీ. ఆవిడ ఫోను చేస్తే చెవికి ఆనించుకునే పనిలేదు, దిండు మీద పడేసినా వినబడుతుంది. పాలకొల్లులో ఎర్రటి ఎండలో పిల్లల్ని వరసలో నిలబెట్టిన టీచరు గొంతు. ఇప్పుడు వెర్రిబీలో వృద్ధుల హోమ్ వంటింట్లో పనిచేస్తోంది గానీ గొంతు మాత్రం ఇంకా బడి ఆవరణలోనే ఉంది.

“మెల్విన్ బాబూ, మళ్ళీ పోయింది నాన్నా సౌండు! రేపు కూడిక పెట్టుకుని నేనేం చెయ్యను?”

ఆవిడ భర్త తోమాసు పోయి రేపటికి ఏడాది. సహవాసంలో పాటలు ఎత్తుకునేది ఆయనే, హార్మోనియం వాయించేదీ ఆయనే. జ్ఞాపకార్థ కూడిక ఇంట్లోనే పెట్టుకున్నారు. అది ఆయన పాటతోనే మొదలవ్వాలని ఆంటీ పట్టు. పాట ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ ల్యాప్‌టాప్ ఒకపూట పాడుతుంది, ఒకపూట మూగనోము పడుతుంది. పాట నడుస్తున్నట్టు తెర మీద గీత కదులుతూనే ఉంటుంది, సౌండు మాత్రం రాదు.

మెల్విన్ దాన్ని ఇదివరకు ఫోనులోనే బాగుచేశాడు, అదీ ఒకసారి కాదు. ఆవిడ రాత్రి భోజనం చేసి, అన్నీ సర్దుకుని ఫోను చేసేది. ఇతను ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టమనేవాడు. పాట వచ్చేది. ఇద్దరూ దేవునికి స్తోత్రం చెప్పుకుని పడుకునేవారు. మర్నాడు సాయంత్రానికి కథ మళ్ళీ మొదటికొచ్చేది. తనకి అర్థంకానిది తనంతట తనే బాగుపడితే పట్టించుకోకుండా వదిలెయ్యడం అలిసిపోయినవాళ్ళందరూ చేసేదే, మెల్విన్ కూడా అదే చేశాడు.

ఇక వెళ్ళక తప్పలేదు. క్లేటన్ మెల్‌బోర్న్‌కి ఈ చివర, వెర్రిబీ ఆ చివర. శనివారం గనక పట్టాల పనుందని సగం దూరం రైలు బదులు బస్సు వేశారు. బస్సులో నిలబడి నిద్రపోయాడు, రైలులో కూర్చుని నిద్రపోయాడు, స్టేషను దాటిపోయి వెనక్కి వచ్చాడు. సోమవారం ఇవ్వాల్సిన గ్రూపు అసైన్‌మెంటులో తన వంతు ఇంకా ముట్టుకోలేదు. సాయంత్రం మళ్ళీ షిఫ్టుంది. ఈ దేశానికి వచ్చింది చదువుకోవడానికని అమ్మానాన్నలకి చెప్పిన మాట గుర్తొచ్చి, నవ్వే ఓపిక కూడా లేక ఊరుకున్నాడు.

ఆంటీ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. “ఎలా అయిపోయావు నాన్నా, మొహం పీక్కుపోయింది! ముందు తిను.”

“ముందు అది చూస్తానండి ఆంటీ. తింటే పడిపోతాను.”

“అదేం మాటరా! బర్రముండి పులుసు పెట్టాను. ఇక్కడి చేపకి మన పులుసు పట్టి చావదు, నిన్ననే కాచి ఉంచా.”

తినక తప్పలేదు. తిన్నాక కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. ముందుగదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, తోమాసుగారి బైబిలు, కళ్ళజోడు, ఇంకా ఏవో చిన్నా చితకా సామాను. గోడకి పెద్ద టీవీ. గదిలో అప్పుడే అద్దెకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టి ఉన్నాయి.

“ఆంటీ, ఆ పాట నా ఫోనులోకి ఎక్కించుకుంటే రేపటికి సరిపోద్ది కదండీ?”

“కరోలిన్ కూడా అదే అంది. ‘మమ్, జస్ట్ పుట్ ఇట్ ఆన్ యువర్ ఫోన్’ అంట.” కరోలిన్ ఆవిడ కూతురు, పెర్త్‌లో నర్సు, రాత్రి విమానానికి వస్తోంది. “రేపు ఒక్కరోజు గొడవైతే అలాగే కానిచ్చేదాన్ని నాన్నా. నేను రోజూ సాయంత్రం ప్రార్థన చేసుకునేది దీంతోనే. కూర్చో, నీకు తెలీదు.”

అప్పుడు చెప్పింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో సాయంత్రం ప్రార్థన తప్పలేదు. ఆయన ఒక వరస ఎత్తుకుంటాడు, ఆవిడ అదే వరస అందుకుంటుంది, మళ్ళీ ఆయన, మళ్ళీ ఆవిడ. మూడో మనిషి లేకపోయినా ఇద్దరే ఒక సంఘంలా పాడుకునేవారు. జబ్బు ముదిరి, ఇక ఆసుపత్రికి వెళ్ళక తప్పదని తెలిశాక, ఆయన ఈ బల్ల ముందు కూర్చుని పాటలన్నీ రికార్డు చేశాడు. ప్రతి పాటలోనూ తన వరస పాడి, ఆవిడ వరస పట్టేటంత చోటు ఖాళీగా వదిలేశాడు.

“ఆ ఖాళీలో నేను అందుకోవాలి. అందుకోకపోతే ఆయన ఆగడుగా, తన మానాన తను వెళ్ళిపోతాడు.” ఆంటీ నవ్వబోయింది, నవ్వు రాలేదు. “సౌండు రానప్పుడు ఆయన ఎక్కడున్నాడో నాకు తెలీదు నాన్నా. ఎక్కడ అందుకోవాలో తెలీక ఊరికే కూర్చుంటాను. రేపు అందరి ముందూ అలా కూర్చోవాలంటే నా వల్ల కాదు.”

మెల్విన్‌కి నిద్రమత్తు కొంచెం వదిలింది. ల్యాప్‌టాప్ ముందుకి లాక్కున్నాడు.

కంప్యూటరుకి శబ్దం బయటికి పోయే దారులు ఒకటికి నాలుగుంటాయి. సొంత స్పీకరు ఒకటి, తీగ పెడితే టీవీ ఒకటి, తీగ లేకుండా గాలిలో కలిసేవి ఇంకొన్ని. కొత్తది కనబడితే చాలు, పాతదాన్ని వదిలేసి దాని వెంటపడి పోవడం ఈ యంత్రాలకున్న జబ్బు. ఇతను ముందు టీవీని అనుమానించాడు. జూమ్ ప్రార్థనల కోసం ఎవరో పెట్టిన తీగ ఇంకా అలాగే ఉంది. పీకేశాడు. పాట పెట్టాడు. గీత కదిలింది, సౌండు లేదు.

తరువాత పాటలు రికార్డు చేసిన ప్రోగ్రాం మీద అనుమానం వచ్చింది. కొన్ని ప్రోగ్రాములు సౌండు దారిని గుప్పిట పట్టుకుంటే ఇంకొకదానికి వదలవు. దాన్ని మూసి, మామూలు ప్లేయరులో పెట్టి చూశాడు. లేదు. సౌండుని నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ వేశాడు. ఆ వేసే ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంటే మధ్యలో తల వాలిపోయి బల్లకి కొట్టుకున్నాడు. ఆంటీ కాఫీ తెచ్చి పెట్టింది. అయినా లేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి సౌండు ఎటు పోవాలో చెప్పే చోటికి వెళ్ళి, తనే స్పీకరు పేరు మీద నొక్కాడు. ఒక్కసారిగా హార్మోనియం గది నిండా మోగింది. వెనకనించి తోమాసుగారు గొంతు సవరించుకున్నారు.

“స్తోత్రం!” అని ఆంటీ అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది.

మెల్విన్ బ్యాగు సర్దుకోబోయాడు. కానీ ఇన్నిసార్లు దెబ్బతిన్నవాడు గనక, ఎందుకైనా మంచిదని ల్యాప్‌టాప్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మూగది. స్పీకరు మీద నొక్కితే వస్తోంది, ఆపి పెడితే పోతోంది.

“ఆంటీ, ఒక పని చేద్దామండి. ఇప్పుడు వస్తోంది కదా, రేపు కూడిక అయ్యేదాకా దీన్ని ఆఫ్ చెయ్యకండి. మూత కూడా వెయ్యొద్దు. సరిపోద్ది.”

“అలాగే నాన్నా.” ఆవిడ కాసేపు కుర్చీల వంక చూసింది. “మరి ఎల్లుండి?”

ఆ మాట నిష్ఠూరంగా అన్నది కాదు, ఊరికే అడిగింది. అయినా మెల్విన్‌కి సిగ్గేసింది. తనకి రైలు తొందర, షిఫ్టు తొందర. కూడిక అయ్యాక కుర్చీలు వెళ్ళిపోతాయి, కరోలిన్ వెళ్ళిపోతుంది, ఎల్లుండి సాయంత్రం ఈవిడ ఒక్కతే ఈ బల్ల ముందు కూర్చుంటుంది. తను మాత్రం ఇన్నాళ్ళూ రేపటిదాకా గడిస్తే చాలన్న బాగుచేతలే చేస్తూ వచ్చాడు. బ్యాగు మళ్ళీ కింద పెట్టేశాడు.

దారులన్నీ ఉన్న చోటు మళ్ళీ తెరిచాడు. స్పీకరు. దాని కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన పేరు ఇంకొకటి. దాన్ని ఇన్నాళ్ళూ ఫోనులో ఆంటీ చదివి వినిపిస్తే టీవీ పేరనుకున్నాడు. టీవీల పేర్లు అలాగే ఏడుస్తాయి కదా. ఇప్పుడు టీవీ తీగ పీకేసి ఉంది, ఆ పేరు మాత్రం ఉంది. సౌండు దాని వెంటే పోతోంది.

“ఇంట్లో బ్లూటూత్ స్పీకరేమన్నా ఉందా ఆంటీ? కారులో? కరోలిన్ హెడ్‌ఫోన్లు?”

“ఏవీ లేవు నాన్నా.”

దాని మీదే నొక్కి పాట పెట్టాడు. ఎటు పోతోందో చూద్దామనుకున్నాడు గానీ శబ్దాన్ని ఎలా చూస్తారు? ఇద్దరూ ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నారు. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటోంది. కాసేపటికి అదీ ఆగింది.

అప్పుడు వినబడింది. చీమ పాడితే ఎంత వినబడుతుందో అంత. కిటికీ వైపు నుంచి. మెల్విన్ లేచి, బల్ల మీదకి వంగి, చెవి పెట్టి వెతికాడు. మూసి ఉన్న బైబిలు మీద, కళ్ళజోడు పక్కన, గోధుమరంగు వినికిడి యంత్రాలు రెండున్నాయి. ఒక్కోటీ చింతగింజంత. అవి పాడుతున్నాయి.

“ఆంటీ,” అన్నాడు నెమ్మదిగా. “ఇవి ఆన్‌లో ఉన్నాయండి.”

ఆవిడ మొహం పాలిపోయింది. తప్పుచేసి పట్టుబడిన పిల్లలా చేతులు కొంగులో చుట్టుకుంది. “రాత్రి భోజనాలయ్యాక ఛార్జింగు డబ్బాలో పెడతాను. పొద్దున్నే తీసి బైబిలు మీద పెడతాను. ఆయన మర్చిపోయేవాడు నాన్నా, కావాలనే మర్చిపోయేవాడు. కాఫీతోపాటు నేనే తీసి చేతికిచ్చేదాన్ని. అలవాటు చావలేదు.”

డబ్బాలోంచి తియ్యగానే అవి మేలుకుంటాయి. మేలుకోగానే తమ యజమాని ల్యాప్‌టాప్‌ని వెతుక్కుని పట్టుకుంటాయి. రాత్రి డబ్బాలోకి వెళ్ళాక పట్టు వదులుతాయి, పాట స్పీకరుకి వస్తుంది. రాత్రి ఫోను చేసినప్పుడల్లా ఎందుకు బాగైపోయేదో మెల్విన్‌కి ఇప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం కలగలేదు. అయినా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాడు.

“అయితే ఇన్నాళ్ళూ సాయంత్రం నేను పెట్టిన పాటలు?”

“వీటిలోకి వెళ్ళాయండి.”

“ఆయన చెవుల్లోకి.” అని, వెంటనే తనే సర్దుకుంది. “చచ్చినోళ్ళు వినరు బాబూ. నాకు తెలుసు. వాక్యం చదువుకున్నదాన్నే.” అంది గానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

మెల్విన్ తల వంచుకుని ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. మందు తెలిసింది. ఆ పేరు మీద నొక్కి ‘రిమూవ్’ అంటే కంప్యూటరు వాటిని మర్చిపోతుంది, పాట ఇక ఎన్నటికీ స్పీకరు వదిలిపోదు. నొక్కితే ఒక్క క్షణం పని. కానీ ఆ పేరు టీవీది కాదని తెలిశాక వేలు కదల్లేదు.

“ఆంటీ, దీన్ని తీసేస్తే ఇక గొడవుండదండి. తీసెయ్యమంటారా?”

ఆవిడ బైబిలు మీది యంత్రాన్ని ఒకదాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుతో తుడిచి, తన చెవిలో పెట్టుకుంది. రెండోది కూడా పెట్టుకుంది. “పాట పెట్టు,” అంది.

మెల్విన్ పెట్టాడు. అతనికేమీ వినబడలేదు. ఆవిడ మొహంలో మాత్రం పాట కనబడుతోంది. హార్మోనియం దగ్గర కళ్ళు మూసుకుంది, ఆయన ఎత్తుకున్నప్పుడు గడ్డం వణికింది. ఇంత దగ్గరగా ఆయన ఏ స్పీకరులోనూ పాడి ఉండడు. ఆయన వరస అయిపోయినట్టుంది, ఖాళీ వచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే నిండుగా, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, సహవాసం హాలు చివరిదాకా వెళ్ళే తన గొంతుతో అందుకుంది.

ఒక్క మాట పాడింది. ఉలిక్కిపడింది, కాలినట్టు రెండు చేతులూ చెవుల దగ్గరికి పోయాయి. రెండు యంత్రాలూ పీకేసింది.

“ఏమైందండీ?” మెల్విన్ లేచాడు.

ఆవిడ అరచేతిలోని యంత్రాల్ని చూసింది. “ఎవరో నా నెత్తిన కేకేసినట్టుంది,” అంది. “నేనేనా అది?”

“అవి అంకుల్ చెవికి తగ్గట్టు పెట్టినవండి. చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తాయి. మామూలు చెవికి మరీ...”

“ఆయనకి చెవుడొచ్చాక కొన్నాళ్ళు అరిచి చెప్పాల్సొచ్చింది. అది నిజం. ఇవి వచ్చాక అరవక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. నేను విన్నానా?” ఆవిడ గొంతు సన్నబడింది. “నేను నోరు తెరిచేసరికి ఆయన ఇవి పీకి జేబులో వేసుకునేవాడు. ఊరందరికీ చెప్పుకుని ఏడ్చాను బాబూ. నా మాటంటే లెక్కలేదని, పెళ్ళాం గొంతు వినలేక చెవులు పీకేసుకుంటాడని. మీరందరూ నవ్వేవాళ్ళు.”

మెల్విన్ కూడా నవ్వాడు. సహవాసంలో అది అందరికీ తెలిసిన వేళాకోళం. ఆయన కూడా అందరితోపాటు నవ్వేవాడు, ఒక్కసారి కూడా నొప్పి పుడుతోందని అనలేదు. ఎందుకనలేదో ఇక అడగడానికి మనిషి లేడు.

ఆంటీ లేచి వెళ్ళి యంత్రాల్ని డబ్బాలో పెట్టి మూత వేసింది. ఛార్జింగు తీగ మాత్రం పెట్టలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, “తీసెయ్యి నాన్నా,” అంది.

మెల్విన్ నొక్కాడు. నిజంగా తీసెయ్యాలా అని అడిగింది కంప్యూటరు. అవునన్నాడు. ఆ పేరు పోయి, స్పీకరు ఒక్కటే మిగిలింది. ఆపి మళ్ళీ పెట్టాడు. స్పీకరు అలాగే ఉంది. పాట నొక్కాడు.

హార్మోనియం గదంతా నిండింది. తోమాసుగారు గొంతు సవరించుకుని మొదటి వరస ఎత్తుకున్నారు. మెల్విన్ ఆవిడ వైపు చూశాడు. అరుస్తుందనుకున్నాడు, స్తోత్రం అంటుందనుకున్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఖాళీ కోసం ఎదురుచూస్తోంది. ఖాళీ వచ్చింది. ఆవిడ అందుకుంది. పక్కనే కూర్చున్న మెల్విన్‌కి కూడా వినీ వినబడనంత మెల్లగా అందుకుంది. ఆయన మళ్ళీ ఎత్తుకోగానే ఆవిడ చెయ్యి జాపి మెల్విన్ మోచెయ్యి తట్టింది.

“కొంచెం తగ్గించు బాబూ,” అంది గుసగుసగా. “గట్టిగా ఉంటే ఆయన తీసేస్తాడు.”